కోపంతో తిన్న అన్నం ఒంటబట్టదు

ఉయ్యూరు, గుడివాడ, మచిలీపట్నం వైపు నుండి ఆసుపత్రి పనులకో, బీసెంట్ రోడ్డులో బట్టల కొనుగోలుకో విజయవాడ వచ్చే కుటుంబాలకు మధ్యాహ్నం హోటల్ భోజనం తప్పదు. కడుపుబ్బరం, పుల్లని త్రేన్పులతో సాయంత్రం నా వద్దకు వచ్చేవారిని "ఏమి తిన్నారు?" అని అడిగి ఊరుకోను. "ఎట్లా తిన్నారు?" అని కూడా అడుగుతాను.

ఇటీవల ఆ అనుభవం నాకే కలిగింది. నా శ్రీమతితో నగరంలోని ఒక హోటలుకు వెళ్ళాను. ఆమె మితాహారి, రెండు ఇడ్లీలు చాలునన్నది. "ఈ వేళలో కూర్చున్న ప్రతివారూ మీల్స్ తీసుకోవలసిందే" అని సర్వర్ గోడమీది బోర్డు చూపించాడు. వేడినీళ్ళడిగితే సీసా నీళ్ళు తెచ్చాడు. పప్పు కలుపుకునేలోగానే తరువాతి వారు మా కుర్చీల వెనుక నిలబడ్డారు. ఆమె పెరుగన్నం తినకుండానే లేచింది. ఆ రాత్రి ఇద్దరికీ అజీర్ణమే.

ఇందులో వింత లేదు. వేడిగా, మితంగా, అనుకూలమైన చోట, తొందరపడక, మనస్సు నిలిపి భుజించాలని చరక సంహిత విమానస్థానం విధించింది. చింత, భయం, క్రోధం ఆవహించినప్పుడు మితంగా తిన్న పథ్యాహారమైనా జీర్ణం కాదని కూడా చెప్పింది. మానసిక ఒత్తిడి జీర్ణాశయపు కదలికలను మందగింపజేస్తుందని ఆధునిక వైద్యులూ అంగీకరిస్తారు. గురుకులంలో మా గురువుగారు విస్తరి ముందు కూర్చున్న శిష్యుని ఎన్నడూ మందలించలేదు. ఎంత తప్పు చేసినా భోజనమైన తరువాతనే చెప్పేవారు.

యజమానుల ఇబ్బందీ ఉన్నది. అడిగినంత అన్నం వడ్డించే భోజనాన్ని ఇద్దరు పంచుకుంటే వారికి నష్టమే. కాని వృద్ధులకు, మధుమేహ రోగులకు ఒక చిన్న ప్లేటు భోజనం ఉంచితే ఎవరికీ నష్టం లేదు.

కొన్ని రెస్టారెంట్లు బిల్లులో సర్వీస్ ఛార్జి కలుపుతున్నవి. అది తప్పనిసరి కాదు. వినియోగదారుని అడగకుండా కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు జారీ చేసింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న వాటిని సమర్థించింది. తీసివేయమని మర్యాదగా కోరండి. నిరాకరిస్తే 1915 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. జి.ఎస్.టి. మాత్రం పన్ను; అది చెల్లించవలసినదే.

పాఠకులు ఈ జాగ్రత్తలు పాటించగలరు:

• కూర్చోకముందే హోటల్ నియమాలు అడిగి తెలుసుకోండి. వీలైతే రద్దీ వేళకు ముందే వెళ్ళండి.

• వాదన జరిగితే రెండు గుక్కలు నీళ్ళు త్రాగి, మనస్సు కుదుటపడిన తరువాతనే ముద్ద ఎత్తండి. ఫిర్యాదు చేయి కడుక్కున్న తరువాత చేయండి.

• కడుపు బరువుగా ఉంటే అల్లం, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ త్రాగండి. ఆకలి వేసేవరకు మరేమీ తినవద్దు. కడుపులో మంట, పుండు ఉన్నవారు అల్లం మానాలి.

• ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే గ్యాస్ అని ఉపేక్షించక వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

హోటల్ యజమానులకు నా మనవి ఒక్కటే. తింటున్నవారి వెనుక మరొకరిని నిలబెట్టకండి. గుమ్మం దగ్గర నాలుగు కుర్చీలు వేయించండి.