నరాల్లో నడిచే కబురు

పొయ్యిమీద కాగుతున్న గిన్నె అంచు వేలికి తగిలిందనుకోండి. “అబ్బా” అనేలోపే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. కబురు వెన్నుపాముదాకా పోయి, తిరిగి చేతి కండరానికి చేరిందన్నమాట. అంత తొందరగా ఎలా నడిచిందో ఈ పూట చెప్పుకుందాం.

నాడీకణం చుట్టూ పలచని పొర ఉంటుంది. బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. సోడియమంటే మనం కూరలో వేసే ఉప్పులో ఉండేదే. ఊరికే ఉన్నప్పుడు కణం లోపల, బయటికంటే సుమారు 70 మిల్లీవోల్టులు తక్కువ. ఆ తేడా ఒక మేరకు తగ్గిందా, పొరలోని సన్నని ద్వారాలు తెరుచుకుని సోడియం బిలబిలా లోపలికి వస్తుంది. వెంటనే అవి మూసుకుంటాయి. పొటాషియం బయటికి పోయి మళ్ళీ మామూలవుతుంది. ఇదంతా సెకనులో వెయ్యోవంతు పని. ఒకచోటి కదలిక పక్కచోటును లేపుతూ నరం చివరిదాకా పోతుంది. లావాటి నరాల్లో ఆ వేగం సెకనుకు 100 మీటర్లదాకా ఉంటుంది.

అగ్గిపుల్లను మెల్లగా గీస్తే అంటుకోదు. అంటుకుందా, మంట ఒకటే. ఇదీ అంతే. నొప్పి ఎక్కువైతే కబురు పెద్దది కాదు, వెంటవెంటనే వస్తుంది. పైగా నాడీకణానికి చేరేవాటిలో కొన్ని “కానివ్వు” అంటాయి, కొన్ని “ఆగు” అంటాయి. అన్నిటినీ కూడి చూసుకునే కదులుతుంది. చంటిపిల్ల కాళ్ళదగ్గరుంటే, చెయ్యి కాలుతున్నా పాలగిన్నె వదలం గదా!

నరం చివర మాత్రం ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం సందు దాటి, కబురును కండరానికి అందిస్తుంది. కట్లపాము విషం దెబ్బతీసేది సరిగ్గా ఇక్కడే.

రిజర్వాయరు కింద వరిపొలాలున్న మా వైరావైపు ఈ సంగతి ప్రతి ఇల్లాలికీ తెలియాలి. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పి, వాపు అంతగా ఉండవు. కొన్ని గంటల్లో రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, మింగుడుపడదు, చివరకు ఊపిరి ఆగుతుంది. మెదడు ఆజ్ఞ పంపుతూనే ఉంటుంది, కండరానికే అందదు. కదలకుండా పడి ఉన్నా ఆ మనిషికి మన మాటలు వినిపిస్తూ ఉండవచ్చు. ప్రాణం పోయిందని మనంతట మనం తేల్చేయకూడదు.

మంత్రాలు, బిగించి కట్టడం, కోయడం వద్దు. నడిపించకుండా వెంటనే ఆస్పత్రికి చేర్చండి. విరుగుడు మందు రక్తంలో తిరిగే విషాన్ని పట్టుకుంటుంది గాని, అప్పటికే పాడైన నరాల చివరలను బాగుచెయ్యలేదు. అవి కోలుకునేదాకా యంత్రంతో శ్వాస అందిస్తే మనిషి దక్కుతాడు.

మీరు పట్నంలో ఉన్నా, ఊళ్ళోని మీవాళ్ళకు చెప్పండి. మంచంమీద పడుకోమనండి, లేదా దోమతెర అంచులు పక్కకింద దోపుకోమనండి. నొప్పి లేదు గదా అని తెల్లారేదాకా మాత్రం ఆగవద్దనండి.