అంకెల గడియారము – బంగారపు వెల

బోధను పరిసరములలో ఒకనాడు ప్రొద్దు తెలిపినది చక్కెర కర్మాగారపు కూత. 1937లో స్థాపితమైన ఆ నిజాం కర్మాగారము 2015లో మూతపడినది. చెఱకు సొమ్ము చేతికందిన యిండ్లలో పెండ్లికుమారునికి చేతిగడియారము పెట్టుట పరిపాటి. దాని వెల యెంతయని అడుగువారే గాని, ఆ వెల యెన్నాళ్లు నిలుచునని అడుగువారు అరుదు. ఆ రెండవ ప్రశ్నకు చక్కని దృష్టాంతము అమెరికాలో పుట్టిన ‘పల్సర్’ గడియారము.

హామిల్టన్ సంస్థవారు 1968 నాటి ఒక అంతరిక్ష చలనచిత్రమునకై ముండ్లులేని గడియారమును రూపొందించి యిచ్చిరి. అందుండి మొలకెత్తిన ఆలోచనయే 1972 ఏప్రిలులో చేతికెక్కినది. చెవికి ఆనించినను టిక్కుమనదు. మీట నొక్కినపుడు మాత్రమే కెంపురంగు అద్దము వెనుక ఎఱ్ఱని అంకెలు వెలిగి, క్షణములో ఆఱిపోవును. ఇది అలంకారముకొఱకు చేసిన యేర్పాటు కాదు. కాంతినిచ్చు డయోడులు విద్యుత్తును విపరీతముగా త్రాగును, ఎడతెగక వెలిగినచో ఆ చిన్న బ్యాటరీలు నిలువజాలవు. కాలమెంతయైనదో చూచుటకు రెండవ చేయి కూడ కావలసివచ్చిన గడియారమన్నమాట! పెట్టె 18 క్యారెట్ల బంగారము. వెల 2,100 డాలర్లు. ఆనాడు ఆ దేశమున చిన్నకారు అంతకు తక్కువకే దొరకెడిది. 1975లో లెక్కలుకట్టు బంగారు పల్సర్ 3,950 డాలర్లకు వచ్చినది.

ఇంతలో, 1973లో జపానువారి సైకో సంస్థ నిరంతరము అంకెలు కనిపించు ద్రవస్ఫటికపు గడియారమును తెచ్చెను. 1976లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌వారు ప్లాస్టిక్ గడియారమును 20 డాలర్లకు, మఱుసటి యేట 10 డాలర్లకు అమ్మిరి. అయిదేండ్లలో 2,100 ఎక్కడ, 10 ఎక్కడ! గణితోపాధ్యాయులు తరగతిలో వేయదగిన లెక్క యిది. చిత్రమేమనగా, రెండును చూపినది ఒకే కాలము.

నేడు ఆ తొలి పల్సర్లకై వెదకువారు దేశదేశముల నున్నారు. అట్టిదొకటి నిజామాబాదు బజారుకు వచ్చినదనుకొందము. కంసాలి త్రాసు దాని చరిత్ర నెఱుగదు. 18 క్యారెట్లనగా నాలుగింట మూడుపాళ్లు బంగారమని తూచి, తరుగు తీసి, ధర కట్టును. సేకరించువాడు మొదట మీట నొక్కి చూచును. లోపలి విద్యుత్ యంత్రము అసలుదేనా, అంకెలన్నియు వెలుగుచున్నవా అని పరీక్షించును. పంటిచక్రము అరిగినచో గడియారపు పనివాడు మరల చేయగలడు; ఈ సూక్ష్మయంత్రము చెడినచో అతడు చేయగలిగినది స్వల్పము.

వజ్రముల సంగతి మఱింత విచిత్రము. గోలకొండ పేరు వినుచు పెరిగిన తెలుగువారికి వజ్రము పొదిగినచో విలువ హెచ్చుననుట సహజమైన తలంపు. కాని కర్మాగారమున గాక, తరువాతి చేతులలో పొదిగించిన వజ్రములు పాతగడియారపు వెలను సాధారణముగా తగ్గించును. చిన్నరాళ్లకు మారుబేరమున వచ్చునదియు కొంచెమే.

పెట్టెలలో దాచిన పాత గడియారములను ఎక్కువగా పాడుచేయునది బ్యాటరీ. మఱచిపోయిన బ్యాటరీ కాఱి, లోపలి తీగెలను తినివేయును. కావున తెలిసినవారు దానిని తీసివేసి, గడియారమును మెత్తని పొడిబట్టలో చుట్టి పెట్టుదురు.