బియ్యం లాగే చెంబు

మా దేవుడి గూట్లో ఒక రాగిచెంబు ఉంది. మా అమ్మ కాపురానికి వచ్చేనాడు పుట్టింటివారు సారెతో పంపినది. వరలక్ష్మీ వ్రతానికి కలశం అదే, రథసప్తమికి అర్ఘ్యం విడిచేదీ దానితోనే. చింతపండు పెట్టి తోమితే ఇప్పటికీ ఉదయపు ఎండలాగ మెరుస్తుంది. ఇన్నేళ్లలో దాని పక్కన నాలుగు బియ్యపు గింజలు పెట్టి, అవి కదులుతాయేమోనని రెప్పవేయకుండా చూసినవాడు మాత్రం మా బావ ఒక్కడే.

మొన్న సంక్రాంతికి తిరుపతి వచ్చాడు బావ. మా అమ్మకు మేనల్లుడు. బంగారుపాళ్యం దగ్గర ఒక పల్లె. మూడెకరాల తోతాపురి మామిడితోట తప్ప వేరే ఆధారం లేదు. కాఫీ తాగి, కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, "అత్తా, ఆ రాగిచెంబు ఒక్కసారి ఇట్లియ్యి" అన్నాడు.

"దాహమా నాయనా? గ్లాసులో ఇస్తా ఉండు" అన్నది అమ్మ.

"నీళ్లు గాదత్తా, చెంబే కావాల."

పీటమీద చెంబు పెట్టాడు. గింజలు పేర్చాడు. చూశాడు. నిట్టూర్చాడు. "ఇది గాదులే" అని చెంబు వెనక్కి ఇచ్చేశాడు. అసలు సంగతి రాత్రి భోజనాలయ్యాక, మిద్దెమీద, గొంతు తగ్గించి చెప్పాడు.

పాతకాలపు రాగి పాత్రమీద ఎప్పుడో పిడుగు పడుతుందట. పిడుగు తాకిన రాగిలో 'ఇరిడియం' అనే లోహం పుడుతుందట. అప్పటినుంచీ ఆ పాత్రకు ఒక శక్తి వస్తుంది: దగ్గర పెట్టిన బియ్యపు గింజ తనంతట తానే దొర్లుకుంటూ వచ్చి అంటుకుంటుంది. దానిమీద కుంపిణీవారి ముద్ర కూడా ఉంటుంది. అంతరిక్ష నౌకలు చేసే విదేశీ సంస్థలవారు దానికోసం కోట్లు పట్టుకుని తిరుగుతున్నారు. అలాంటి చెంబు ఒకటి దొరికింది. పరీక్ష చేయించడానికి తలా ఇంత వేసుకోవాలి. బావ వంతు రెండు లక్షలు ఇప్పటికే ఇచ్చేశాడు. ఇంకో ఎనిమిది లక్షలు కావాలి. తోటలో ఒక ఎకరం బేరం పెట్టాడు.

"నువ్వు కళ్లారా చూసినావా బావా?" అన్నాను.

"చూసినానప్పా! నా కండ్ల ముందరే గింజలు లేచి అతుక్కున్యాయి."

బావ అమాయకుడు కాడు. మామిడిపూత చూసి కాపు ఎంతో చెప్పగలిగినవాడు. అయితే 2025 వేసవి మా జిల్లా మామిడి రైతుల నడుము విరిచింది. తోతాపురి అడిగేవాడు లేక, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలనీ, తాను 4 రూపాయలు కలుపుతాననీ ప్రభుత్వం చెప్పవలసి వచ్చింది. కాయ కోసిన కూలి కూడా రాలేదని కొందరు తోటలోనే వదిలేశారు. ఇంట్లో పెళ్లీడు పిల్ల. అలాంటి వేళ ఎవరో వచ్చి, చెంబులో కోట్లున్నాయంటే, మనిషి మొదట నవ్వుతాడు, రెండోసారి వింటాడు, మూడోసారి లెక్కలు వేసుకుంటాడు.

ఇందులో మన కథల పాలు కూడా కొంత ఉందేమోనని నాకు తోచింది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గదా! మహిమ గల లోహం మన జాతికి కొత్త కాదు. ఓరుగల్లును గురించి ఒక పాతకథ ఉంది. బండి ఒకటి ఒరిగిపోయి, దాని ఇనుము నేలలోని రాతికి తగిలి బంగారమయిందట. తవ్వి చూస్తే పరుసవేది లింగం! ఆ చోటనే కాకతీయుల నగరం వెలిసిందని కథ. శ్రీశైలం కొండల్లో రససిద్ధులు పాదరసాన్ని కట్టి బంగారం చేసేవారని చెప్పుకుంటారు. సిద్ధ నాగార్జునుని పేరు ఆ విద్యతోనే ముడిపడింది. పక్కనున్న మన వేమన్న చుట్టూ కూడా స్వర్ణవిద్య కథలు అల్లుకున్నాయి. ఇక ఇళ్లలో సంగతి చెప్పనక్కర్లేదు. బాలెంతరాలి మంచంకింద ఇనుపముక్క, గుమ్మానికి గుర్రపునాడా, పిల్లవాడి మొలకు రాగి తాయెత్తు. లోహంలో ఏదో ఉందని మనకు ఉగ్గుపాలతోనే చెప్పారు.

కాని, ఆ కథలను కాస్త నిదానంగా చూస్తే ఒక సంగతి కనిపిస్తుంది. కథలో మహిమ ఊరికే దొరకదు. దానికి వెల ఉంది. ఆ వెల డబ్బు కాదు, సాహసం. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి' చూడని ఇల్లు మనలో ఉండదు. తోటరాముడు ప్రాణానికి తెగించి ప్రతిమను సాధించాడు. నేపాళ మాంత్రికుడో, ఆ కుర్రవాణ్ణి బలి ఇచ్చి తాను సాధించాలనుకున్నాడు. బావ తాను తోటరాముణ్ణనుకుంటున్నాడు. చెంబు తెచ్చినవాళ్లు మాత్రం మాంత్రికుడి వంశం. బలిపీఠం మీద ఉన్నది మామిడితోట.

మరి ఇరిడియం అబద్ధమా? కాదు. అదే చిక్కు. పేరు నిజమైనది కనుకనే కథ నమ్మిక పుట్టిస్తుంది. 1803లో స్మిత్‌సన్ టెనెంట్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు. దాని లవణాలు రకరకాల రంగుల్లో ఉండడం చూసి, గ్రీకుల ఇంద్రధనుస్సు దేవత ఐరిస్ పేరు పెట్టాడు. ప్లాటినం, నికెల్ గనుల్లో ఉపఫలంగా దొరుకుతుంది. ప్రపంచం మొత్తంమీద ఏటికి పది టన్నులు కూడా రాదు. రాగి 1,085 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి కరిగితే, ఇది కరగడానికి 2,446 డిగ్రీలు కావాలి. రాగికంటె రెండున్నర రెట్లు బరువు. మోటారు స్పార్క్ ప్లగ్గుల్లో వాడతారు. మన చిన్ననాటి ఫౌంటెన్ పెన్నుల పాళీమొన అరగకుండా ఇలాంటి గట్టి లోహాలనే అతికేవారు. కొన్ని పాళీలమీద 'ఇరిడియం పాయింట్' అని చెక్కి ఉండడం గుర్తుండే ఉంటుంది. 1889 నుంచి 2019 వరకూ ప్రపంచానికి కిలోగ్రాము ఎంతో చెప్పిన తూకపురాయిలో కూడా పదోవంతు ఇరిడియమే. ఇంత ఘనమైన లోహానికి చేతకానిది ఒక్కటే: బియ్యాన్ని లాగడం.

పిడుగు సంగతీ అంతే. రాగి పరమాణువులో 29 ప్రోటానులు, ఇరిడియంలో 77. పిడుగు రాగిని కరిగించగలదు, ఆవిరి చేయగలదు. ఈ లెక్కను మాత్రం మార్చలేదు. మార్చగలిగితే మన ఇళ్లమీది పిడుగు కడ్డీలన్నీ ఈపాటికి కోట్లు పలికేవి.

ఇదంతా చెబితే బావ విన్నాడు. విని, "శాస్త్రం అట్లే చెప్తాది. నేను చూసినానే!" అన్నాడు. కంటితో చూసినదాన్ని మాటతో కాదనిపించడం కష్టం. కంటికి కన్నే జవాబు చెప్పాలి.

మా కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మిత్రుడొకాయన మా వీథిలోనే ఉంటాడు. మరునాడు పొద్దున్నే కబురు చేశాను. పాత లౌడ్‌స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి, గుప్పెడు బియ్యం పొట్లం ఒకటి తెచ్చాడు. అమ్మ చెంబే అడిగి తీసుకుని, లోపల అయస్కాంతం ఉంచి, పైన గుడ్డ కప్పాడు. పొట్లం విప్పి గింజలు పక్కన చల్లాడు. గింజలు దొర్లాయి, లేచాయి, చెంబు పొట్టకు అంటుకున్నాయి! మా పిల్లలు చప్పట్లు కొట్టారు. అమ్మ అప్రయత్నంగా చేతులు జోడించింది.

తరువాత రహస్యం విప్పాడు. గింజలకు పలచగా జిగురు రాసి, ఇనుపరజను అద్ది, ఆరబెట్టి తెచ్చాడు. అయస్కాంతం లాగేది ఇనుమును. గింజ దానితోపాటు వస్తుంది. "రాగికి అయస్కాంతం అంటదు, రాగి దానికి అడ్డమూ రాదు. ఇనుపచెంబయితే చెంబే అయస్కాంతానికి కరుచుకుని గుట్టు బయటపడుతుంది. అందుకే వాళ్లకు రాగి కావాలి" అన్నాడు. తరువాత బావ వైపు తిరిగి నెమ్మదిగా అడిగాడు: "ఆ రోజు బియ్యం ఎవరివండీ?"

బావ చాలాసేపు మాట్లాడలేదు. "వాళ్లే తెచ్చినారు. మామూలు బియ్యం పనికిరావు, పూజ చేసినవి కావాలన్యారు" అన్నాడు చివరకు.

ఈ మోసం మా జిల్లాకే పరిమితం కాదు. 2018లో ఢిల్లీలో ఒక తండ్రీ కొడుకులు ఇలాంటి పాత్రనే అమెరికా అంతరిక్ష సంస్థకు అమ్మిపెడతామని చెప్పి, ఒక వ్యాపారి దగ్గర 1 కోటి 43 లక్షలు లాగి పోలీసులకు చిక్కారు. పద్ధతి అన్నిచోట్లా ఒక్కటే. మొదట చిన్నమొత్తం, తరువాత పరీక్ష ఫీజు, తరువాత 'కిరణాలు' తగలకుండా వేసుకునే దుస్తుల ఖర్చు, తరువాత శాస్త్రవేత్త విమానం టిక్కెట్టు. పరీక్ష రోజున వాన పడుతుంది, లేదా కొనేవాడికి జబ్బు చేస్తుంది. అన్నిటికీ మించి, "ఎవరికీ చెప్పవద్దు, తెలిస్తే సర్కారు పట్టుకుపోతుంది" అని ఒట్టు వేయించుకుంటారు. ఆ ఒట్టుతో మోసపోయినవాడే మోసానికి కాపలాదారు అవుతాడు. అటు భయం, ఇటు సిగ్గు. ఇంట్లో భార్యకే చెప్పుకోలేడు. పోలీసు ఠాణా మెట్లు ఏమెక్కుతాడు?

బావ కూడా అక్కకు చెప్పలేదు. ఆ రెండు లక్షలు పిల్ల పెళ్లికని అక్క చీటీ పాడి దాచినవి.

మా జిల్లా నేలలో నిజంగానే బంగారం ఉంది. కుప్పం ప్రాంతంలో చిగురుగుంట, బిసానత్తం గనులు కోలారు బంగారపు పొరలో భాగమే, 2001లో మూతపడ్డాయి. అక్కడ టన్ను రాయి పగలగొడితే వచ్చేది సుమారు 5 గ్రాములు. నిజమైన లోహం లెక్క అలా ఉంటుంది. మహిమ గల రాగి కూడా మాకు ఉంది. తాళ్ళపాకవారి సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు, రెండువేలకు పైగా, తిరుమల ఆలయంలో ఒక చిన్న గదిలో శతాబ్దాలపాటు పడి ఉన్నాయి. తాటాకయితే పురుగు తినేది. రాగి గనుక నిలిచింది. గత శతాబ్దంలో పండితులు వాటిని బయటికి తీసి, చదివి, అచ్చు వేయించారు. 1503లో కన్నుమూసిన అన్నమయ్య ఈనాడు మన ఇళ్లలో వినిపిస్తున్నాడంటే ఆ రేకుల చలవే. ఆ రేకులు ఒక్క గింజను లాగలేదు. కరిగిస్తే మామూలు రాగి ధరే. లోహానికి మహిమ పట్టించినది పిడుగు కాదు, చెక్కిన చేయి.

ఆ సాయంత్రమే బావ ఎకరం బేరం మానుకున్నట్టు ఫోనులో చెప్పేశాడు. రెండు లక్షలు మాత్రం ఇంకా రాలేదు. వస్తాయని నేను ధైర్యంగా చెప్పలేను. ఫిర్యాదు ఇవ్వడానికి ఠాణాకు వెళ్లినప్పుడు బావతో అక్క కూడా వెళ్లింది. ఆమెకు చెప్పిన రాత్రి ఇంట్లో ఏమి జరిగిందో బావ చెప్పలేదు, నేను అడగలేదు. "ఇద్దరం పోయినాం" అన్నాడు, అంతే. ఆ 'ఇద్దరం' అన్న మాట విని అమ్మ స్థిమితపడింది.

చదువరులారా, మీ ఇంటికీ ఎవరైనా చుట్టమో స్నేహితుడో వచ్చి, గొంతు తగ్గించి చెంబు కథ చెప్పవచ్చు. కోప్పడకండి, నవ్వకండి. ఏ కష్టం అతన్ని ఆ కథదాకా తెచ్చిందో ముందు కనుక్కోండి. తరువాత, ఆ చెంబు చూద్దాం రమ్మనండి. ఒక్క షరతు మాత్రం పెట్టండి: చెంబు వాళ్లదే అయినా ఫరవాలేదు, బియ్యం మాత్రం మీ డబ్బాలోవి కావాలి.