ప్రాజెక్టు రిపోర్టును కంప్యూటరులో పొందికగా తయారు చేసుకోవడం ఎలా?

ఋణం కోరి బ్యాంకుకు వచ్చే రైతు సోదరులు, డీలరు మిత్రులు నేడు ప్రాజెక్టు రిపోర్టును చేతివ్రాతతో తేవడం అరుదు. మండల కేంద్రంలోని డి.టి.పి. సెంటరులో టైపు చేయించి, ముప్ఫై నలభై పుటల పుస్తకంగా కుట్టించి తెస్తున్నారు. చూపులకు ముచ్చటగానే ఉంటుంది. కాని ఏ అంకె ఏ పుటలో ఉన్నదని అడిగితే, తెచ్చినవారే తడుముకొనవలసి వస్తున్నది.

నేను పరిశీలించిన ఒక దరఖాస్తు ఇందుకు నిదర్శనం. వేరుశనగ నూనె మిల్లు నెలకొల్పదలచిన ఒక వ్యాపారి, యంత్రముల ఖరీదు రూ. 12,40,000 అని రిపోర్టు తయారు చేయించారు. తరువాత సరఫరాదారు కొత్త కొటేషను ఇవ్వగా అది రూ. 13,10,000 అయినది. టైపు చేసినవారు యంత్రముల పుటలో అంకెను దిద్దారు. పెట్టుబడి పుటలోనూ, అనుబంధంలోనూ పాత అంకె అట్లే మిగిలినది. నూటికి 25 వంతున మార్జిను రూ. 3,10,000 బదులు రూ. 3,27,500 కావలెను. ఋణం రూ. 9,30,000 బదులు రూ. 9,82,500 కావలెను. ఆ తేడాను మొదట నేనూ గమనించలేదు. ఫైలు పై కార్యాలయం నుండి తిరిగివచ్చినది. సవరించి పంపేసరికి అక్టోబరు, నవంబరు నెలలలో కాయ మార్కెట్టుకు వచ్చే అదను కాస్తా దాటిపోయినది. ఆ వ్యాపారికి ఆ ఏడాది వ్యాపారం దక్కలేదు.

లోపం ఎక్కడ?

టైపు సెంటరులో సాధారణంగా శీర్షికను ఎంపిక చేసి, అక్షరములను లావుగా, పెద్దవిగా చేసి వదలుదురు. మన కంటికి అది శీర్షికే. కాని కంప్యూటరుకు అది లావుపాటి అక్షరముల వరుస మాత్రమే. అది శీర్షిక అని కంప్యూటరుకు తెలుపనంత వరకు, విషయసూచిక తయారు చేయడంలో గాని, పుటలు వెదకడంలో గాని అది మనకు తోడ్పడజాలదు. మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో ఇందుకు గల మార్గములను దిగువ వివరిస్తున్నాను.

శీర్షికలకు స్థాయిలు

"హోమ్" పట్టీలోని "స్టైల్స్" అను భాగంలో హెడింగ్ 1, హెడింగ్ 2, హెడింగ్ 3 అని ఉంటాయి. యూనిట్ వివరములు, స్థలము, యంత్రములు, పెట్టుబడి, ఆదాయ వ్యయములు, వాయిదాలు, అనుబంధములు - ఇవి హెడింగ్ 1. యంత్రముల క్రింద వచ్చే కాయ వొలిచే యంత్రము, ఎక్స్‌పెల్లరు, ఫిల్టరు ప్రెస్సు, మోటారు - ఇవి హెడింగ్ 2. శీర్షికపై కర్సరు ఉంచి కంట్రోల్, ఆల్ట్ మీటలతో పాటు 1, 2 లేక 3 నొక్కినా చాలును.

కోరిన చోటికి చేరుట

"వ్యూ" పట్టీలో "నావిగేషన్ పేన్" అనుదానిని ఎంచుకొన్నచో, ఎడమవైపున శీర్షికలన్నీ వరుసగా కనిపిస్తాయి. వాయిదాల పుట కావలెనన్న ఆ పేరుపై నొక్కిన చాలును. శీర్షికను పట్టుకొని పైకి గాని క్రిందికి గాని లాగినచో, దాని క్రింది పట్టికలతో సహా ఆ అధ్యాయం మొత్తం జరుగుతుంది. కంట్రోల్, ఎఫ్ మీటలు నొక్కి పాత అంకెను వ్రాసినచో, అది ఎన్ని చోట్ల మిగిలి ఉన్నదో అక్కడే తెలుస్తుంది. పై ఉదంతంలో ఈ ఒక్క పని చేసి ఉన్నచో ఫైలు తిరిగివచ్చేది కాదు.

తెలుగులో టైపు చేయించేవారు ఒక సంగతి గమనించగలరు. పాత పద్ధతి డి.టి.పి. ఫాంట్లతో టైపు చేసినచో నావిగేషన్ పేన్‌లో తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరములు కనిపించవచ్చును. యూనికోడ్ తెలుగులో టైపు చేయమని ముందే చెప్పవలెను.

విషయసూచిక

"రెఫరెన్సెస్" పట్టీలోని "టేబుల్ ఆఫ్ కంటెంట్స్" నొక్కిన, శీర్షికలు, పుటల సంఖ్యలతో విషయసూచిక దానంతట అదే ఏర్పడుతుంది. అయితే పుటలు పెరిగినను తగ్గినను అది వెంటనే మారదు. సూచికపై కర్సరు ఉంచి ఎఫ్9 నొక్కి, పట్టిక మొత్తాన్ని సవరించమని ఎంచుకొనవలెను. ముద్రణకు ముందు ఈ పని మరువరాదు.

ఒకే అంకె, ఒకే చోట

యంత్రముల ఖరీదు వంటి అంకెను ఒక్కచోట మాత్రమే టైపు చేసి, దానిని ఎంపిక చేసి, "ఇన్‌సర్ట్" పట్టీలోని "బుక్‌మార్క్" ద్వారా ఒక పేరు పెట్టండి. పేరు అక్షరంతో మొదలుకావలెను. మధ్యలో ఖాళీ ఉండరాదు. మిగిలిన చోట్ల అంకెను టైపు చేయక, "క్రాస్ రెఫరెన్స్" ద్వారా ఆ బుక్‌మార్కును రప్పించండి. అసలు అంకె మారినప్పుడు కంట్రోల్, ఏ నొక్కి అంతా ఎంపిక చేసి, ఎఫ్9 నొక్కిన మిగిలిన చోట్ల కూడా మారుతుంది.

ఇందులో రెండు జాగ్రత్తలు అవసరం. అంకె మొత్తాన్ని ఒకేసారి చెరిపివేసినచో బుక్‌మార్కు కూడా పోవచ్చును. లోపలి అంకెలను మాత్రమే దిద్దవలెను. రెండవది, ఈ పద్ధతి అంకెను చేరవేయునే గాని లెక్క కట్టదు. మార్జిను, ఋణం, వాయిదా మొత్తములను వేరుగా లెక్కించి సవరించుకొనవలసినదే.

పొడవైన పట్టికలు

ఏడేళ్ళ నెలవారీ వాయిదాలన్న 84 వరుసలు. పట్టిక రెండు మూడు పుటలకు సాగుతుంది. మొదటి వరుసను ఎంచుకొని, పట్టికకు సంబంధించిన "లేఅవుట్" పట్టీలో "రిపీట్ హెడర్ రోస్" నొక్కిన ప్రతి పుటలోను తలకట్టు కనిపిస్తుంది. కొత్త అధ్యాయం కొత్త పుటలో మొదలు కావలెనన్న ఎంటర్ మీటను పదే పదే నొక్కరాదు. కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కవలెను.

వర్డ్ లేనివారు ఉచితంగా లభించే లిబ్రేఆఫీస్ రైటరును వాడుకొనవచ్చును. అందులో ఎఫ్5 నొక్కిన శీర్షికలు చూపే "నావిగేటర్" తెరచుకొంటుంది.

చివరిగా ఒక మనవి. టైపు సెంటరు నుండి ముద్రించిన కాగితములతో తృప్తిపడక, దిద్దుటకు వీలైన వర్డ్ ఫైలును కూడా పెన్‌డ్రైవులో తీసుకొని భద్రపరచుకొనండి. పి.డి.ఎఫ్. మాత్రమే చేతిలో ఉన్నచో రేపు కొటేషను మారినప్పుడు మరల మొదటినుండి టైపు చేయించవలసి రావచ్చును. దరఖాస్తు ఇచ్చే ముందురోజు యంత్రముల పుట, పెట్టుబడి పుట, కొటేషను - ఈ మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి సరిచూడండి. ఆ అరగంట శ్రమ మీ సీజనును కాపాడవచ్చును.