కాలువలో కలిసిన పక్క చేను మందు: బంకమన్ను ఎంతవరకు పట్టుకుంటుంది?

మన కొల్లూరు చుట్టుపక్కల ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మేం మందు కొట్టం. కానీ పై చేల మురుగు మా కాలువలోకే దిగుతుంది. ఆ నీళ్లతోనే జీవామృతం కలుపుతున్నాం. మరి మా కష్టమంతా ఏమైనట్టు?" ఈ వీడియో, ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే.

ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరిన నీళ్లు మన దాకా వచ్చేసరికి ఎన్నో చేల పక్క నుంచి వస్తాయి. ఎకరం జీవామృతానికి 200 లీటర్ల నీళ్లు కావాలి. ఆ నీళ్లలో ఏముందో కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. మన దేశ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీళ్లలో మోనోక్రోటోఫాస్ 1 మైక్రోగ్రాము, వరిలో వాడే కలుపు మందు బ్యూటాక్లోర్ 125 మైక్రోగ్రాములు దాటకూడదు. మైక్రోగ్రామంటే గ్రాములో పది లక్షల వంతు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది మూర్ఛతో పడిపోయినప్పుడు, ప్రభుత్వం పిలిపించిన నిపుణుల నివేదికల్లో పురుగుమందు అవశేషాల మాటే ప్రధానంగా వినిపించింది.

మట్టి బలం

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అందులో ఉండే మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను వల్లే అలా జరుగుతుంది. అది పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరలన్నీ విప్పి పరిస్తే ఒక్క గ్రాము మన్ను దాదాపు 750 చదరపు మీటర్లు వస్తుంది. మన లెక్కలో 18 సెంట్లు! ఆ జాగాకంతా రుణావేశం ఉంటుంది కాబట్టి ధనావేశం ఉన్నవాటిని గట్టిగా పట్టుకుంటుంది.

వీడియోలో చేసిన గ్లాసుల పరీక్ష మీరూ చేసి చూడండి. ఒక గ్లాసు నీళ్లలో మెడికల్ షాపులో దొరికే జెన్షన్ వయొలెట్ ఒక్క చుక్క, రెండో గ్లాసులో మిఠాయిల్లో వేసే ఎర్ర రంగు చిటికెడు కలపండి. రెండిట్లోనూ జల్లించిన నల్లమన్ను ఒక్కో చెంచా వేసి బాగా తిప్పి రాత్రంతా కదపకుండా ఉంచండి. ఊదా రంగు మన్నుతో పాటు అడుక్కి దిగుతుంది. ఎరుపు మాత్రం నీళ్లలోనే ఉండిపోతుంది. ఊదా రంగుది ధనావేశం, ఎరుపుది రుణావేశం. ఇంతే తేడా.

పురుగుమందులదీ ఇదే కథ. పారాక్వాట్ గడ్డిమందుకు ధనావేశం ఉంటుంది కాబట్టి బంకమన్ను దాన్ని వెంటనే లాక్కుంటుంది. అది తాగినవాళ్లకు ఆస్పత్రిలో ఫుల్లర్స్ ఎర్త్ అనే మన్ను పట్టించేది అందుకే. (దాంతో ప్రాణం దక్కుతుందన్న భరోసా లేదు. ఎవరైనా తాగితే క్షణం ఆగకుండా ఆస్పత్రికే తీసుకెళ్లాలి.) కానీ క్లోర్‌పైరిఫాస్ లాంటి నూనె గుణమున్న మందుల మీద ఒట్టి మన్నుకు పట్టు చాలా తక్కువ.

మన్ను గుణం మారిస్తే

ఇక్కడే శాస్త్రవేత్తలు ఒక ఉపాయం చేశారు. జుట్టుకు రాసే కండిషనర్‌లో ఉండే క్వాటర్నరీ అమ్మోనియం అనే సబ్బు జాతి పదార్థాన్ని బెంటొనైట్ మన్ను పొరల్లోకి ఎక్కిస్తారు. దాని తలకు ధనావేశం ఉంటుంది, తోక నూనెలాంటిది. తల మన్నుకు అతుక్కుంటుంది, తోకలు పొరల మధ్య పరుచుకుంటాయి. అంతవరకూ నీటిని కోరుకున్న మన్ను ఇప్పుడు నూనెను కోరుకుంటుంది. దీన్నే ఆర్గానోక్లే అంటారు. నూనె కలిసిన పరిశ్రమల మురుగునీటిని శుద్ధి చేసే ఫిల్టర్లలో దీన్ని వాడుతున్నారు. క్లోర్‌పైరిఫాస్ లాంటివి దీనికి బాగా చిక్కుతాయి. మోనోక్రోటోఫాస్ నీళ్లలో పూర్తిగా కరిగిపోయే రకం కాబట్టి అంత తేలిగ్గా చిక్కదు. అలాంటివాటికి యాక్టివేటెడ్ కార్బన్ కూడా తోడు కావాలి.

మన పొలానికి తెచ్చుకోవచ్చా?

సొంతంగా తయారుచేసి డ్రమ్ములో కలపొద్దని గట్టిగా చెబుతున్నా. ఆ సబ్బు పదార్థం సూక్ష్మజీవుల్ని చంపేది. మన్ను నుంచి కాస్త ఊడి వచ్చినా జీవామృతం ప్రాణమే పోతుంది, చేపలకూ ప్రమాదం. ఇంకో మాట. మన్ను విషాన్ని పట్టుకుంటుందే తప్ప మాయం చేయదు. వాడిన మన్నంటే ఒకచోట పోగుపడిన విషమే. దాన్ని గట్టు మీద పోస్తే వానకు మళ్లీ చేలోకే వస్తుంది. కాబట్టి ఇది వాడిన మన్నును జాగ్రత్తగా పారవేసే ఏర్పాటున్న శుద్ధి కేంద్రాల పని.

మన చేతిలో ఉన్నవి ఇవి:

1. పై చేలల్లో మందు కొట్టిన రోజుల్లో, పెద్ద వాన పడి మురుగు కాలువలో కలిసినప్పుడు నీళ్లు తోడొద్దు.
2. కాలువ నీళ్లు నేరుగా డ్రమ్ములోకి కాకుండా గుంటలో నిలిపి, తేరిన పై నీళ్లు వాడండి. బురదకు అంటిన మందు చాలావరకు అడుగున ఉండిపోతుంది. పటికతోనో ఇండుపగింజతోనో బురద దిగుతుంది గానీ కరిగిన మందు పోదు. రెండో గ్లాసు గుర్తుంచుకోండి.
3. పై చేను వైపు గట్టు మీద ఒత్తుగా గడ్డి పెంచండి. పారే నీటి వేగం తగ్గి బురద అక్కడే ఆగుతుంది.
4. ఘనజీవామృతం, ఆకు ఆచ్ఛాదన మానొద్దు. బంకమన్నుకు జీవపదార్థం అంటుకున్నప్పుడు అది కూడా నూనె గుణమున్న మందుల్ని పట్టి ఉంచుతుంది. అక్కడి సూక్ష్మజీవులు వాటిలో కొన్నిటిని మెల్లగా విరగ్గొడతాయి కూడా.

ఫ్యాక్టరీలో సబ్బు ఎక్కించి మన్ను గుణం మారుస్తారు. మనం పేడతో, ఆకుతో, వానపాముతో మారుస్తాం. అది మెల్లగా సాగుతుంది, దానికీ హద్దుంది. పై రైతుతో మాట్లాడి మందు తగ్గించగలిగితే, ఆ మేరకు ఏ మన్నుతోనూ పనే ఉండదు.