తెరపై గోడ కట్టుట: గళ్ళు, కొలబద్ద

తాపీ మేస్త్రి గోడ లేపునపుడు దారము పట్టును, గుండు వ్రేలాడదీయును. గుండును క్రిందికి లాగునది భూమ్యాకర్షణ. కంప్యూటరు తెరపై కట్టెడి ఇంటిలో ఈ ఉపాయము సాగదు. అచట దిమ్మను గాలిలో వదలినను వదలినచోటనే నిలిచియుండును. వంకరను పట్టి ఇచ్చునది అంకె యొక్కటే.

2003లో అమెరికాలోని లిండెన్ ల్యాబ్ సంస్థ ప్రజలకు తెరచిన 'సెకండ్ లైఫ్' అను కల్పిత జగత్తును ఉదాహరణగా గైకొనవచ్చును. అందలి భూమి 256 మీటర్ల భుజము గల చదరములుగా విభజింపబడినది. చదరపు నైఋతి మూలయే మూలబిందువు. అచటినుండి తూర్పునకెంత, ఉత్తరమునకెంత, ఎత్తెంత అను మూడు నిరూపకములు ప్రతి వస్తువునకు నుండును. గ్రాఫు కాగితముపై బిందువులు గుర్తించిన విద్యార్థికి ఇందు క్రొత్తది మూడవ అక్షము మాత్రమే.

చేతివాటముగా జరిపిన గోడ 10.0137 వద్ద నిలువవచ్చును. కంటికది 10 గానే తోచును. పది గోడలు చేర్చిన పిమ్మట సందులు బయటపడును. అందుచే వస్తువును లాగునపుడు ప్రక్కన కొలబద్ద యొకటి కనుపించును. మౌసును దాని గీతలపైకి తెచ్చినంతనే వస్తువు దగ్గరి గీతకు అంటుకొనును. గడి అరమీటరైనచో 10.0137 కాస్తా 10 అగును. ఇది దశాంశములను సవరించు బడిలెక్కయే! ఆలోచన పాతదే. 1963లో ఎం.ఐ.టి.లో ఐవాన్ సదర్లాండ్ రూపొందించిన 'స్కెచ్‌ప్యాడ్'లోనే, కాంతికలము గీతను సమీపించినపుడు బిందువు ఆ గీతపైకే చేరెడిది.

అయినను గళ్ళను నమ్మి మోసపోవువారు కలరు. స్థానముగా కంప్యూటరు చూపునది గోడ అంచును కాదు, మధ్యబిందువును. 4.3 మీటర్ల గోడ మధ్యబిందువు 10 వద్ద నున్నచో దాని కొన 12.15 వద్ద నుండును. అంతే పొడవుగల రెండవ గోడను 14 వద్ద నుంచిన, 30 సెంటీమీటర్లు మొదటిదానిలోనికి చొచ్చును, 14.5 వద్ద నుంచిన, 20 సెంటీమీటర్ల సందు మిగులును. చొచ్చినచోట రెండు తలములు ఒకటై, ఏది ముందో కంప్యూటరు తేల్చుకొనలేదు. రంగులు వేరైనచో గోడ మిణుకుమిణుకుమనును. గడిని 0.1 మీటరునకు తగ్గించినచో కావలసిన 14.3 దొరకును. కాని గోడనే 4 లేక 4.5 మీటర్లుగా కోసికొనుట మేలు.

గోడ ఏటవాలుగా తిరిగినపుడు చిక్కు ముదురును. తూర్పునుండి ఉత్తరమునకు 30 డిగ్రీలు తిరిగిన 4 మీటర్ల గోడకు కొనసాగింపుగా మరొక గోడ చేర్చవలెనన్న, తూర్పునకు 3.464, ఉత్తరమునకు 2 మీటర్లు జరుపవలెను. అరమీటరు గడి 3.5 నే ఇచ్చును. ఫలితము: 3 సెంటీమీటర్ల సందు, దాదాపు 2 సెంటీమీటర్ల ప్రక్కవాటు. ఇట్టి సందర్భమున కొలబద్దను 'వరల్డ్' నుండి 'లోకల్' అను పద్ధతికి మార్చవలెను. అప్పుడు గీతలు తూర్పును వదలి గోడ పొడవు వెంబడి సాగును. నకలు గోడను వాటిపై సరిగా 4 మీటర్లు జరిపిన, నిరూపకములలో చిల్లర దశాంశములు ఎన్ని మిగిలినను, రెండు కొనలు కలియును.