గొంతుగా పుట్టిన వీరుడు

రాత్రివేళ. న్యూయార్క్‌లో ఒక వంతెన. కాళ్లు సిమెంటులో బిగిసిపోయిన ఒక మనిషిని నదిలోకి తోసేయడానికి గూండాలు సిద్ధమవుతున్నారు. ఇంతలో ఎక్కడినుంచో ఒక నవ్వు. ముఠా నాయకుడు డ్యూక్ రాలిన్స్ అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. ఎవరూ లేరు. చీకట్లోకి తుపాకీ పేల్చాడు. నవ్వు మాత్రం ఆగలేదు. ముందునుంచి, వెనకనుంచి, నెత్తిమీదనుంచి వినిపిస్తున్న ఆ గొంతు అతను చేసిన హత్య సంగతి అతనికే గుర్తుచేసింది. పోలీసుల దగ్గరికి వెళ్లి నేరం ఒప్పుకొమ్మంది.

1994 జులై 1న అమెరికాలో విడుదలైన ‘ది షాడో’ సినిమాలో షాడోగా హీరో ఎంట్రీ ఇది. ముందు బూట్లు, తర్వాత భుజం, ఆ తర్వాత గాలికి ఎగిరే జుట్టు, చివరికి ముఖం చూపించే ఎంట్రీలకు ఈలలు వేయడం మనకు అలవాటు. ఇక్కడ ముఖం సంగతి అలా ఉంచి, మనిషే సరిగ్గా కనబడడు. అయినా ఒళ్లు జలదరిస్తుంది. ఆ తర్వాతి గంటన్నరలో సినిమా అతణ్ని పూర్తిగా వెలుతురులోకి లాక్కొచ్చింది. దాని కష్టాలన్నీ అక్కడే మొదలయ్యాయి.

‘షాడో’ అనగానే తెలుగు పాఠకులకు మధుబాబు నవలలు గుర్తొస్తాయి. అద్దె పుస్తకాల షాపుల్లో చేతులు మారీ మారీ అట్టలు ఊడిపోయిన ఆ గూఢచారి సాహసాలతో పెరిగిన తరం ఒకటుంది. పేరు ఒకటే అయినా ఈ కథలోని షాడో వేరు. అమెరికాలో పల్ప్ పత్రికలు రాజ్యమేలిన రోజుల్లో పుట్టినవాడు. సూపర్‌మ్యాన్ కంటే, బ్యాట్‌మ్యాన్ కంటే ముందువాడు.

అడిగి పుట్టించుకున్న పత్రిక

కలప గుజ్జుతో చేసిన చౌక కాగితం మీద అచ్చయ్యేవి కాబట్టి వాటిని పల్ప్ పత్రికలన్నారు. లోపల కాగితం ఎంత నాసిరకమో పైన అట్ట అంత రంగుల మయం. వాటిని ప్రచురించే పెద్ద సంస్థల్లో స్ట్రీట్ అండ్ స్మిత్ ఒకటి. తమ ‘డిటెక్టివ్ స్టోరీ మ్యాగజైన్’ అమ్మకాలు పెంచుకోవడానికి 1930 జులై 31న ఆ సంస్థ ఒక రేడియో కార్యక్రమం మొదలుపెట్టింది. పత్రికలోని కథలను నాటకాలుగా వినిపించే ఆ కార్యక్రమానికి వ్యాఖ్యాత కావాలి. అతనికి పెట్టిన పేరే ‘ది షాడో’. కథలో అతనికి పాత్రేమీ లేదు. భయం పుట్టించేలా నాలుగు మాటలు చెప్పి, నవ్వి, కథ మొదలుపెట్టడమే అతని పని.

జనం కథలు మరిచిపోయి నవ్వును గుర్తుపెట్టుకున్నారు. పత్రికల దుకాణానికి వెళ్లి ‘డిటెక్టివ్ స్టోరీ’ అడగాల్సినవాళ్లు ‘ఆ షాడో పత్రిక ఇవ్వండి’ అన్నారు. అలాంటి పత్రికే లేదు. లేని పత్రికకు గిరాకీ వచ్చిందని గ్రహించిన ప్రచురణకర్తలు 1931లో దాన్ని పుట్టించారు. అంటే ముందు గొంతు వచ్చింది. మనిషి, ఊరు, పేరు, కథ అన్నీ తర్వాత వచ్చి చేరాయి.

రాసే పని వాల్టర్ బి. గిబ్సన్‌కు అప్పగించారు. ఫిలడెల్ఫియాలో పుట్టిన గిబ్సన్ రచయితే కాదు, ఇంద్రజాలికుడు కూడా. హుడినీ, థర్‌స్టన్‌లాంటి పేరుమోసిన మెజీషియన్ల కోసం తెరవెనక ఉండి పుస్తకాలు రాసినవాడు. షాడో నవలలకు వాడిన ‘మ్యాక్స్‌వెల్ గ్రాంట్’ అనే కలం పేరు కూడా మ్యాజిక్ సామగ్రి అమ్మే ఇద్దరు వ్యాపారుల పేర్లు కలిపి కట్టిందే. మొదటి సంచికకు కొత్త బొమ్మ వేయించకుండా సంస్థ దగ్గర పడి ఉన్న పాత అట్టబొమ్మ ఒకటి తీశారు. అందులో చైనా మనిషి ఉన్నాడు. ఆ బొమ్మ కోసమే గిబ్సన్ కథను చైనాటౌన్ వైపు మళ్లించాల్సి వచ్చింది.

పది సెంట్ల ఆ పత్రిక క్రమంగా నెలకు రెండుసార్లు వచ్చే స్థాయికి చేరింది. మూతపడిన 1949 వరకు మొత్తం 325 నవలలు వెలువడితే, వాటిలో 282 గిబ్సన్ రాసినవే. ఒక్క ఏడాదిలోనే 16 లక్షల 80 వేల మాటలు టైపు చేశాడన్నది ఆయన పేరిట నిలిచిన లెక్క.

ఇంత రాసినా గిబ్సన్ తన హీరోను ఎక్కువగా దాచే ఉంచాడు. నవలలో చాలా భాగం టాక్సీ డ్రైవర్ మో ష్రెవ్‌నిట్జ్, హ్యారీ విన్సెంట్‌లాంటి అనుచరులే నడుపుతారు. కష్టం ముంచుకొచ్చిన క్షణాన గోడ మీద నల్లటి మరక కదులుతుంది. లామాంట్ క్రాన్‌స్టన్ అనే కోటీశ్వరుడే షాడో అని పాఠకులు అనుకుంటే, ఆ నమ్మకాన్నీ తిప్పికొట్టాడు. క్రాన్‌స్టన్ వేరే మనిషనీ, షాడో అతని రూపం అరువు తెచ్చుకుంటున్నాడనీ చెప్పాడు. అసలు షాడో కెంట్ అలార్డ్ అనే విమాన చోదకుడని 1937లో బయటపెట్టాడు. ఏది చూపాలో ఏది దాచాలో తెలియడమే గారడీ విద్య. గిబ్సన్ ఆ విద్యనే నవలకు పెట్టుబడి చేశాడు.

అదే ఏడాది సెప్టెంబరులో షాడో రేడియోలో మళ్లీ మొదలయ్యాడు. ఈసారి వ్యాఖ్యాతగా కాదు, నాయకుడిగా. గొంతు ఇచ్చింది 22 ఏళ్ల ఆర్సన్ వెల్స్. ఆయన సినిమా ‘సిటిజన్ కేన్’ విడుదలకు ఇంకా నాలుగేళ్లు ఉంది. అదృశ్యమయ్యే శక్తి ఇచ్చింది రేడియోనే. నవలల షాడో చీకట్లో కలిసిపోతాడు. రేడియో షాడో ఎదుటివాళ్ల మనసులను కమ్మేసి, వాళ్ల కళ్లముందే ఉండి కూడా కనబడకుండా పోతాడు. మాటతోనే నడిచే మాధ్యమానికి ఇంతకంటే సరిపోయే వీరుడు లేడు. 1954 డిసెంబరు దాకా ఆ కార్యక్రమం నడిచింది.

బ్యాట్‌మ్యాన్ వెనక నీడ

1939లో బ్యాట్‌మ్యాన్ మొదటి కథ రాసినప్పుడు తాను ఒక షాడో నవలను ఆధారం చేసుకున్నానని రచయిత బిల్ ఫింగర్ తర్వాత ఒప్పుకున్నాడు. 1936లో షాడో పత్రికలో వచ్చిన ‘పార్ట్‌నర్స్ ఆఫ్ పెరిల్’తో ఆ కథకు ఉన్న పోలికలను పరిశోధకులు వరుసపెట్టి చూపారు. పగలు కోటీశ్వరుడు, రాత్రి నల్లటి అంగీ, నేరస్థుల గుండెల్లో భయం. ఇవన్నీ బ్యాట్‌మ్యాన్‌కు వారసత్వంగా వచ్చినవే.

1989లో టిమ్ బర్టన్ తీసిన ‘బ్యాట్‌మ్యాన్’ ప్రపంచవ్యాప్తంగా 40 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. అంతే, హాలీవుడ్ పాత పెట్టెలు తెరిచింది. ‘డిక్ ట్రేసీ’ (1990), ‘ది రాకెటీర్’ (1991), ‘ది షాడో’ (1994), ‘ది ఫాంటమ్’ (1996) వరుసగా వచ్చాయి. నిర్మాత మార్టిన్ బ్రెగ్‌మన్ షాడో హక్కులు సంపాదించి అప్పటికే ఏళ్లు గడిచాయి. దర్శకుడు శామ్ రైమీ కూడా ఈ పాత్ర మీద మనసు పడ్డాడు. హక్కులు దొరక్కపోవడంతో సొంతంగా ‘డార్క్‌మ్యాన్’ (1990) సృష్టించుకున్నాడు.

చివరికి షాడో తెరకెక్కేసరికి చాలామంది ప్రేక్షకులకు అతను బ్యాట్‌మ్యాన్‌కు నకలుగా కనబడ్డాడు. ఎనిమిదేళ్లు పెద్దవాడైన అన్నను తమ్ముడి అనుకరణ అన్నారు. ఇది ఈ సినిమాకు జరిగిన నిజమైన అన్యాయం.

తెర మీద ఏం జరిగింది?

దర్శకుడు రసెల్ మల్కాహీ ఆస్ట్రేలియా నుంచి వచ్చాడు. పాటల వీడియోలతో పేరు తెచ్చుకున్నాడు. 1981 ఆగస్టు 1న ఎంటీవీ ప్రసారాలు మొదలైనప్పుడు మొట్టమొదట చూపించిన ‘వీడియో కిల్డ్ ది రేడియో స్టార్’ వీడియో ఆయన తీసిందే. దృశ్యం వచ్చి రేడియో తారను చంపేసిందన్నది ఆ పాట పేరులోనే ఉంది. రేడియోలో పుట్టిన వీరుణ్ని తెరకెక్కించే బాధ్యత అదే దర్శకుడికి దక్కింది.

మల్కాహీకి దృశ్యం మీద గట్టి పట్టుంది. రహస్య సమాచారం ఉన్న గొట్టం ఒకటి గాలి ఒత్తిడితో నగరమంతటా పరిచిన పైపుల్లో దూసుకుపోతుంటే కెమెరా దాని వెంటే పరుగెత్తే ఘట్టం ఇప్పటికీ పాతబడలేదు. ప్రతినాయకుడు శివాన్ ఖాన్ మహానగరం నడిబొడ్డున ఒక హోటల్‌లో మకాం పెడతాడు. జనం దాని ముందునుంచే నడిచిపోతారు. వాళ్ల కంటికి మాత్రం అక్కడున్నది ఖాళీ స్థలం. రేడియో పుట్టించిన ఊహను భవనమంత పెద్దది చేసి చూపిన ఆలోచన ఇది. షాడోగా మారినప్పుడు హీరో ఆలెక్ బాల్డ్విన్ ముఖం కూడా మారుతుంది. పాత అట్టబొమ్మల్లోలాగే గద్దముక్కు, నోటిని కప్పేసిన ఎర్రటి కండువా, రెండు చేతుల్లో రెండు పిస్తోళ్లు. జెర్రీ గోల్డ్‌స్మిత్ సంగీతం ఆ బొమ్మకు బరువు పెంచింది.

పొరపాటు కథనంలో ఉంది. సినిమా వంతెన దగ్గర మొదలుకాదు, టిబెట్‌లో మొదలవుతుంది. అక్కడ హీరో నల్లమందు వ్యాపారం చేసే క్రూరుడు. ఒక గురువు అతణ్ని దారికి తెచ్చి విద్య నేర్పిస్తాడు. గిబ్సన్ ఆరేళ్లు దాచిన గుట్టును సినిమా మొదటి రీలులోనే విప్పేసింది. తర్వాత వచ్చే కథానాయిక మార్గో లేన్ అతని మనసులో మాట వినగలదు. శివాన్ ఖాన్‌కు అతను ఎవరో ముందే తెలుసు. కనబడకపోవడమే బలమైనవాడి చుట్టూ అతణ్ని ఇట్టే గుర్తుపట్టేవాళ్లను నిలబెడితే ఆ బలానికి పని ఉండదు.

ఇంకో బరువు కూడా ఉంది. శివాన్ ఖాన్ 1939 నాటి నవలల్లోంచి వచ్చినవాడు. తూర్పు దేశాలవాడంటే కుట్రదారు, మాంత్రికుడు అని చూపించడం ఆనాటి పల్ప్‌ల అలవాటు. ‘ది లాస్ట్ ఎంపరర్’లో చక్రవర్తిగా నటించిన జాన్ లోన్ ఈ పాత్రకు హుందాతనం తెచ్చాడు గానీ, రాతలోని ఆ పాత మూస పోలేదు. వారసత్వంలో తీసుకోవాల్సినవీ ఉంటాయి, వదిలేయాల్సినవీ ఉంటాయి. ఈ సినిమా దాచాల్సినదాన్ని చూపింది, వదిలేయాల్సినదాన్ని దాచుకుంది.

‘ది లయన్ కింగ్’ థియేటర్లను ఊపేస్తున్న వారం అది. షాడో రెండో స్థానంతో మొదలైనా నిలబడలేదు. దాదాపు 4 కోట్ల డాలర్లు పెట్టి తీస్తే అమెరికాలో 3.2 కోట్లు, ప్రపంచం మొత్తం మీద 4.8 కోట్లు వచ్చాయి. థియేటర్ల వాటా పోగా అది నష్టమే. రెండో భాగం రాలేదు.

కానీ కథ అక్కడితో ఆగిపోలేదు. షాడో స్క్రీన్‌ప్లే రాసిన డేవిడ్ కెప్, షాడో దక్కక నిరాశపడ్డ శామ్ రైమీ ఎనిమిదేళ్ల తర్వాత ఒకే సినిమాకు కలిశారు. అది 2002 నాటి ‘స్పైడర్‌మ్యాన్’. సూపర్‌హీరో సినిమాల కొత్త శకానికి దారి వేసిన చిత్రాల్లో అదొకటి. గిబ్సన్ ఇవేవీ చూడలేదు. ఆయన 1985లోనే కన్నుమూశారు.

షాడో సినిమాను గొప్ప చిత్రమని చెప్పలేం. తీసిపారేయడం మాత్రం తప్పు. ఈసారి దొరికితే టిబెట్ ఘట్టాన్ని దాటేసి వంతెన దగ్గర మొదలుపెట్టండి. అది అయ్యాక 1937 నాటి ఆర్సన్ వెల్స్ నాటకాల్లో ఒకటి వెతికి వినండి. కొన్ని రికార్డింగులు ఇప్పటికీ మిగిలే ఉన్నాయి. వినేటప్పుడు గదిలో దీపం ఆర్పేయండి.